నెలకు పాతిక వేల లాభం, అందులో అత్తయ్య జీతం ఎంత?

2022 మే నెల చివరి ఆదివారం రాత్రి, కూకట్‌పల్లిలో మా వంటగది గట్టు పక్కన స్టూలు వేసుకుని లెక్క రాసుకున్నాను. ఆ నెల మేము అమ్మిన పచ్చళ్లు 100 కిలోలు. కిలో 500 రూపాయలు. సరుకులు, సీసాలు, లేబుళ్లు, గ్యాస్, మిషన్ ఖర్చు కలిపి కిలోకి 250. అంటే చేతిలో మిగిలింది 25 వేలు. అప్పట్లో నాకు జీతం చేతికి 45 వేలు వచ్చేది. పొద్దున గంట, సాయంత్రం గంట, ఆదివారాలు చేస్తేనే పాతిక వేలు వచ్చాయే, రోజంతా ఇదే పని చేస్తే ఎంత రావాలి? మర్నాడు ఆఫీసుకు వెళ్లి రాజీనామా మెయిల్ టైప్ చేసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాను.

పంపలేదు. అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. లెక్కలో ఏ ఖర్చు రాయకుండా వదిలేశారో పట్టుకోవడమే నా పని. మా సొంత లెక్క ఎక్కడో తేడాగా ఉందని మనసులో పీకుతూనే ఉంది. అది ఎక్కడో దొరకడానికి ఒక నెల పట్టింది, దాన్ని సరిచేసుకుని ఉద్యోగం మానడానికి ఇంకో ఏడాది పైన పట్టింది.

ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఏదైనా పెట్టుకోవాలనుకునేవాళ్లు నాకు ఫోన్లు చేస్తుంటారు. పచ్చళ్లు, పిండివంటలు, కేకులు, మగ్గం వర్క్, ట్యూషన్లు, ఏదైనా సరే, అందరూ అడిగేది ఒకటే: "నెలకు ఎంత మిగిలితే మానేయొచ్చు?" ఆ ప్రశ్నలోనే చిక్కుంది. ఇంటి వ్యాపారంలో మనం లాభం అనుకునేదాంట్లో చాలా భాగం లాభం కాదు. అది ఇంట్లోవాళ్ల కూలి, ఇంటి అద్దె. మనం వాటికి డబ్బు కట్టలేదు కాబట్టి లాభంలా కనిపిస్తుంది.

ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

ఆవకాయ పెట్టే పని ఎంతో తెలియాలంటే పక్కన కూర్చుని చూడాలి. మా అత్తయ్యది నూజివీడు వైపు పల్లె. కాయ కొనేటప్పుడే గట్టిగా, పుల్లగా, పీచుతో, టెంక ముదిరి ఉందో లేదో చూస్తుంది. తెచ్చిన కాయల్ని నీళ్లలో వేసి, కడిగి, ఒక్కొక్కటీ పొడి గుడ్డతో తుడుస్తుంది. కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టాక జీడి తీసెయ్యాలి. టెంక లోపలివైపు కాగితంలా అంటుకుని ఉండే పొర గీకెయ్యాలి. ఆ తరువాత ముక్కముక్కనూ మళ్లీ తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, ముక్కలు నూనెలో ముంచి పిండిలో దొర్లించి జాడీకెత్తితే మూడోనాడు తిరగ కలపాలి. అన్నిటిలోకీ ఎక్కువ టైం తినేది ఆ తుడవడమే. దాన్ని మాత్రం తగ్గించడానికి వీల్లేదు. పచ్చడి ఏడాది నిలిచేది ఉప్పు, పులుపు, నూనె కలిసి బూజుకు తడి, గాలి దొరక్కుండా చేయడం వల్ల. ఒక ముక్క మీద నీటి చుక్క మిగిలినా ఆ రక్షణ అక్కడ తెగిపోతుంది.

జూన్ 1న ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి పెన్ను కట్టాను. ఎవరు ఏ పని చేసినా, ఎంతసేపు చేశారో రాయాలి. తరగడం, కలపడం మాత్రమే కాదు. మార్కెట్‌కి వెళ్లి రావడం, సీసాలు కడిగి ఎండబెట్టడం, వాట్సాప్‌లో ఆర్డర్లకు జవాబులివ్వడం, "కారం తక్కువగా ఉంటుందా అండీ" అని ఫోన్ చేసినవాళ్లతో పావుగంట మాట్లాడటం, పార్సిల్ ఇచ్చి రావడం, అన్నీ రాయాలి.

"ఇంట్లో పనికి కూడా గంటలు కడతావా అమ్మాయ్?" అంది అత్తయ్య.

"ఒక్క నెల రాయండి అత్తయ్యా, తరువాత చింపేద్దాం" అన్నాను.

నెలాఖరుకు అత్తయ్యవి 90 గంటలు, నావి 60, మా ఆయనవి 30 అయ్యాయి. మొత్తం 180. అమ్మినవి ఆ నెలా సుమారు 100 కిలోలే. అంటే కిలో పచ్చడికి 1.8 గంటల మనిషి పని. మేము ముగ్గురం చెయ్యకపోతే మనిషిని పెట్టుకోవాలి. మా వీధిలో వంట సాయానికి వచ్చేవాళ్లకు అప్పట్లో గంటకు 70 రూపాయలు పడేది. 180 గంటలకు 12,600.

తరువాత పాడైపోయేవి, కారిపోయేవి, రుచికి ఇచ్చేవి. నా మొదటి లెక్కలో వీటికి వరుసే లేదు. ఆ ఆగస్టులో టమాటా ముక్కలకు రెండు రోజుల ఎండ చాలనుకుని పచ్చడి పెట్టేశాం. వారం తిరిగేసరికి ఒకావిడ ఫోటో పంపింది, సీసా మూత కింద తెల్లటి బూజు. మొత్తం 18 కిలోలు. కొన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి డబ్బు తిరిగి ఇచ్చేశాం. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. అందులో ఒక ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అప్పటి నుంచి అమ్మకంలో 5 శాతం, అంటే కిలోకి 25 రూపాయలు పాడయ్యేదాని కింద ముందే తీసి పక్కన పెడుతున్నాం. ఇక జాడీలు, అట్టపెట్టెలు ఆక్రమించిన గది. దాన్ని ఎవరికైనా అద్దెకిస్తే నెలకు 4 వేలు వచ్చేవి.

25 వేలలోంచి కూలి 12,600, పాడయ్యేది 2,500, అద్దె 4,000 తీసేస్తే 5,900. వ్యాపారం నిజంగా సంపాదించింది అది. మిగతా 19,100లో మా ఒళ్లు, మా ఇల్లు, మాకు తెలియకుండానే పోయిన సరుకు ఉన్నాయి.

ఇందులో తప్పేముంది, ఇంట్లోవాళ్ల కష్టం ఇంట్లోనే ఉంది కదా అంటారు. నిజమే, 100 కిలోల దగ్గర ఆగిపోతే ఏ ఇబ్బందీ లేదు. కానీ ఉద్యోగం మానాలంటే అమ్మకాలు పెరగాలి. సరుకు రెట్టింపు కొనొచ్చు, 64 ఏళ్ల అత్తయ్యను రెట్టింపు చెయ్యలేం. పెరిగే ప్రతి కిలోకీ బయటి మనిషికి కూలి ఇవ్వాల్సిందే. కూలి కట్టకుండా వేసిన ధర ఆ రోజున నష్టంలోకి దించుతుంది. అప్పటికి 500 రూపాయలకు అలవాటుపడ్డ కొనుగోలుదారులు 600 అంటే ముఖం తిప్పుకుంటారు. బాగా నడుస్తున్న ఇంటి వ్యాపారాలు పెద్దవి చెయ్యబోయి మూతపడటం నేను దగ్గర నుంచి చూశాను. రుచి తగ్గి కాదు, మొదటి ధరలో కూలి లేక.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ నాకు నచ్చేది ఆ గుర్తింపు కంటే పని పంచుకున్న తీరు. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి తీసి రేకు చేసేవాళ్లు వేరు, ఆ రేకులు కొని నెయ్యి, పంచదార, బెల్లం వేసి చుట్టి అమ్మేవాళ్లు వేరు. అదీ ఇళ్లలో చేసే పనే. అయినా రేకుకు ఒక ధర ఉంది కాబట్టి ఆ చేతిపని లెక్కలో కనిపిస్తుంది. ఒకే ఇంట్లో రెండు పనులూ జరిగినప్పుడు ఆ ధర మాయమైపోతుంది.

జీతం అంటే చేతికొచ్చేదేనా

ఇటువైపు లెక్క తప్పినట్టే అటువైపు లెక్కా తప్పుతుంది. వ్యాపారం లాభాన్ని ఎక్కువ వేసుకుంటాం, జీతాన్ని తక్కువ వేసుకుంటాం.

నా చేతికొచ్చేది 45 వేలు. మూల వేతనం, డీఏ కలిపి 25 వేలు. అందులో 12 శాతం, అంటే 3 వేలు నా పీఎఫ్‌లోకి పోయేది. అంతే మొత్తం కంపెనీ కట్టేది. కంపెనీ కట్టే 3 వేలలో 1,250 పింఛను పథకానికి, మిగతాది పీఎఫ్‌కి వెళ్తుంది. గ్రాట్యుటీ అని ఏడాదికి 15 రోజుల జీతం నా పేరున జమ అవుతూ ఉంటుంది, నెలకు లెక్కేస్తే సుమారు 1,200. ఇంటిల్లిపాదికీ కంపెనీ ఆరోగ్య బీమా. అలాంటిది సొంతంగా కొంటే ఏడాదికి 30 వేలు అవుతుందని వేసుకుంటే నెలకు 2,500. అన్నీ కలిపితే 54,700. ఆ పైన జ్వరమొస్తే జీతం కట్ కాకుండా ఇంట్లో పడుకునే హక్కు. వ్యాపారంలో మనకు జ్వరమొస్తే పొయ్యి ఆగిపోతుంది.

జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. జీతంలోంచి పోయేది 0.75 శాతమే. దానికి కుటుంబం మొత్తానికి వైద్యం దొరుకుతుంది, ఖర్చుకు పైపరిమితి లేదు. డిస్పెన్సరీలో క్యూలు చూసి చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. పెద్ద ఆపరేషన్ అవసరమైన రోజున దాని విలువ తెలుస్తుంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

తేదీలు కూడా చూసుకోవాలి. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ల సర్వీసు ఉండాలి. పీఎఫ్ అయిదేళ్లు నిండకముందే తీసుకుంటే పన్ను పడుతుంది. పదేళ్లు ఉంటే ఈపీఎఫ్ పింఛనుకు అర్హత వస్తుంది. లెక్క ఇలా ఉంటుంది: పింఛను లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం 15 వేలు, దాన్ని సర్వీసుతో హెచ్చవేసి 70తో భాగించాలి. పదేళ్లకు నెలకు 2,143. చిన్న మొత్తమే. కానీ 58 ఏళ్ల నుంచి జీవితాంతం వచ్చేది. ఆ మే నెలలో నా సర్వీసు తొమ్మిదేళ్లకు దగ్గర్లో ఉంది. డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్ ఆ రోజే పంపి ఉంటే ఇది నా చేతులారా పోగొట్టుకునేదాన్ని.

ఒక మాట. పీఎఫ్ తీసి వ్యాపారంలో పెట్టుబడి పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. పెట్టుబడికి వేరే దారులున్నాయి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకు బ్యాంకు లింకేజీ, అంటే సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం ఉంది. నూనెలో, మిరపకాయల్లో పెట్టిన డబ్బు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అరవై ఏళ్లప్పుడు మనకంటూ ఉండే డబ్బు మాత్రం ఆ పీఎఫే.

నెలకు 450 కిలోలు

ఇప్పుడు రెండు లెక్కలూ ఒకచోటికి తెద్దాం. నేను మానేస్తే నెలకు 200 గంటలు పచ్చళ్లకే ఇవ్వగలను. నా పనికీ గంటకు 70 చొప్పున కట్టుకుంటే 14 వేలు. 54,700 రావాలంటే మిగతా 40,700 వ్యాపారం సంపాదించాలి. కిలోకి మిగిలే 250లోంచి పాడయ్యే 25, కూలి 126 తీసేస్తే 99. గది అద్దె 4 వేలు కూడా ఇందులోంచే రావాలి. 44,700ని 99తో భాగిస్తే 451.

నెలకు 450 కిలోలు. మేము అమ్ముతున్న దానికి నాలుగున్నర రెట్లు. 810 గంటల పని. నా 200 పోను 610 గంటలకు ముగ్గురు మనుషులు కావాలి. ముగ్గురు మనుషులు, నాలుగున్నర రెట్లు జాడీలు రెండు పడకగదుల ఫ్లాట్‌లో పట్టవు. పోపు ఘాటుకు పై అంతస్తు వాళ్లు తలుపులేసుకోవడం అప్పటికే మొదలైంది. ఇంట్లో చేసుకునే వ్యాపారం అన్న మాటకు అక్కడ అర్థం మారిపోతుంది.

అదే సమయంలో చట్టం కూడా గుమ్మంలోకి వస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ మొదటి సీసా అమ్మేముందే ఉండాలి, అమ్మకాలు పెరిగితే అది లైసెన్సుగా మారాలి. 14 అంకెల ఆ నంబరు, పదార్థాలు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బరువు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. మనది ఇంటి వంటే కదా అని దీన్ని వాయిదా వేసేవాళ్లంటే నాకు బాధ. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. డబ్బు అడిగి చేయిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

చిక్కంతా జీఎస్టీతో. వస్తువులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. కిలో 500 చొప్పున నెలకు 333 కిలోలు దాటితే మేము హద్దు దాటినట్టే. విజయవాడలో ఉంటే 666 కిలోల దాకా ఊరట ఉండేది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే ఈ హద్దులు పనిచెయ్యవు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. బెంగళూరు, చెన్నై సంగతి సరే. 2014 తరువాత హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపిన పచ్చడి కూడా రాష్ట్రం దాటినదే. మా కొనుగోలుదారుల్లో సగం మంది కృష్ణా జిల్లా చుట్టాలు, వాళ్ల చుట్టాలు. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వాళ్లకు అమ్మడం ఆపేశాం.

చిన్నవాళ్ల కోసం కాంపొజిషన్ పద్ధతి ఉంది. తయారీదారులు అమ్మకం మీద 1 శాతం కడితే చాలు. అయితే అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అంటే తక్కువ పన్ను కావాలా, దూరపు చుట్టాలు కావాలా తేల్చుకోవాలి. మేము రెండోదే ఎంచుకుని 2024లో మామూలు రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. అప్పట్లో పచ్చళ్లకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మాలాంటివాళ్లకు పెద్ద ఊపిరి.

ఆదాయపు పన్ను విషయంలో చిన్న వ్యాపారులకు ఒక సౌలభ్యం ఉంది. పూర్తి పద్దు పుస్తకాలు లేకుండా, యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం ఆదాయంగా చూపించవచ్చు. నెలకు 450 కిలోల లెక్కన ఏడాదికి వచ్చే 27 లక్షల అమ్మకం మీద 6 శాతమంటే 1 లక్షా 62 వేలు. పన్ను పడదు. అయితే రేపు ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు చూసేదీ ఆ 1 లక్షా 62 వేలే. నిజంగా ఎక్కువ వస్తుంటే ఎక్కువే చూపించడం అన్నివిధాలా మంచిది. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే ఆ పని చూసుకోండి. మానేశాక రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు చూపించేదాకా తిప్పుతారు.

ఒకటో తారీఖు ఇక రాదు

జీతం నెలనెలా వస్తుంది. పచ్చడి ఏడాదికి ఒక్కసారి పండే పంటలాంటిది. మామిడికాయ ఏప్రిల్ నుంచి తొలకరి లోపు కొనాలి. ఆ తరువాత ఎంత డబ్బిచ్చినా ఆవకాయకు పనికొచ్చే కాయ దొరకదు. కొత్త మిరప గుంటూరు యార్డుకు సంక్రాంతి తరువాత వస్తుంది, ఏడాదికి సరిపడా కారం వేసవిలోపే ఆడించుకోవాలి. పండుమిర్చి కూడా ఆ రోజుల్లోనే. ఉసిరి కార్తీకంలో. అంటే ఏడాది మొత్తం అమ్మాల్సిన సరుకులో చాలా భాగానికి వేసవిలోనే డబ్బు కట్టేసి, పది నెలల పాటు కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకోవాలి. లెక్కల ప్రకారం లాభంలో ఉండి కూడా జులైలో పిల్లల స్కూలు ఫీజుకు చేతిలో డబ్బు లేకపోవడం ఇందువల్లే. మొదటి ఏడాది మాకూ అదే జరిగింది.

అమ్మకానికీ పంచాంగం ఉంది. కొత్త ఆవకాయ వేసవిలో, పిండివంటలు దసరాకీ సంక్రాంతికీ. కార్తీకమాసంలో చికెన్, రొయ్యల పచ్చళ్లు అడిగేవాళ్లే ఉండరు. జులై, ఆగస్టుల్లో అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సూట్‌కేసుల కోసం ఒక్కో ఇల్లూ అయిదారు కిలోలు కొంటుంది. ఆ రెండు నెలలూ మాకు పండుగే.

మన చేతిలో లేనివీ కొన్ని వచ్చి పడతాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకాన్ని 20 శాతం పాయింట్లు పెంచింది. సరిగ్గా దసరా ఆర్డర్లు తీసుకున్నాక. చేగోడీలు, జంతికలు పాత ధరకే ఇవ్వాల్సి వచ్చింది. 2025 ఆగస్టు చివర్లో అమెరికా చిన్న పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు తీసేసింది. మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు ఆపేసి అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. మా దగ్గర కొని డల్లాస్‌లో ఉన్న కొడుక్కి పంపే పెద్దావిడ ఒకరు ఆ నెలన్నరా ఫోన్ చేసి "ఇంకా తెరవలేదా అమ్మా" అని అడుగుతూ ఉండేవారు.

అందుకే నెల లెక్క చూసి మానొద్దంటాను. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక చుట్టు తిరగాలి. వేసవిలో కొనడం, వానల్లో కాపాడటం, పండుగలకు అమ్మడం, మూఢమో శూన్యమాసమో వస్తే ఊరుకోవడం, అన్నీ ఒకసారి జీతం ఉండగానే చూడాలి.

జీతం ఉంచుకుని మొదలుపెట్టడాన్ని పిరికితనం అనుకునేవాళ్లున్నారు. నిర్మా పౌడరు పెట్టిన కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్ ప్రభుత్వంలో కెమిస్టు. 1969లో ఇంటి పెరట్లో పౌడరు కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి కిలో 3 రూపాయలకు అమ్మాడు. ఉద్యోగం మానింది మూడేళ్ల తరువాతే. 2014లో అమెరికాలో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రశ్న మీద అధ్యయనం చేశారు. ఉద్యోగంలో ఉంటూ మొదలుపెట్టి తరువాత మానినవాళ్ల వ్యాపారాలు మూతపడే అవకాశం, మొదటే మానేసినవాళ్లతో పోలిస్తే 33 శాతం తక్కువని తేలింది. అది వేరే దేశం, వేరే వ్యాపారాలు. కారణం మాత్రం మా ఇంట్లోనూ కనిపించింది. జీతం ఉన్నన్నాళ్లూ తక్కువ ధరకు తెగనమ్మాల్సిన గాభరా ఉండదు. 18 కిలోలు పారబోసి డబ్బు వెనక్కివ్వగలిగాం అంటే ఒకటో తారీఖున జీతం పడుతుందన్న ధైర్యంతోనే.

అయితే ముందు మీ నియామక పత్రం చదవండి. చాలా కంపెనీలు వేరే ఆదాయపు పని చెయ్యకూడదని అందులోనే రాస్తాయి. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమాలు ఇంకా గట్టివి. అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. కుటుంబసభ్యులు చేస్తున్నా తెలియజెయ్యాలి. మా వ్యాపారం మొదటి నుంచీ అత్తయ్య పేరునే ఉంది. నేను మా హెచ్‌ఆర్‌కు ఉత్తరం రాసి, సరేనన్న జవాబు దాచుకున్నాను.

మానిన రోజు

2023 ఆగస్టులో మానాను. అప్పటికి పదేళ్లు నిండాయి. అమ్మకం 450కి రాలేదు, 300 కిలోల దగ్గర ఉంది. లెక్క ప్రకారం 300 కిలోల మీద వ్యాపారానికి 25,700, నా పని 14 వేలు, కలిపి 39,700. కావాల్సిన దానికి 15 వేలు తక్కువ. మా ఆయన కంపెనీ బీమాలో మేమందరం చేరాం కాబట్టి అందులో 2,500 తగ్గింది. ఇక మిగిలిన లోటు నెలకు 12,500. ఏడాదికి లక్షన్నర. గ్రాట్యుటీ 1,44,230 వచ్చింది. దాన్ని వేరే ఖాతాలో వేసి, ఏ నెలకు ఎంత తగ్గితే అంత తీసుకుంటూ వచ్చాం. ఆ ఖాతా ఖాళీ అయ్యేసరికి 450 రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలని ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇలాంటి గడువు పెట్టుకోకుండా మానడం ఇంట్లోవాళ్లకు అన్యాయం. ఎప్పటిదాకా భరించాలో తెలియని టెన్షన్ మనకంటే వాళ్లకే ఎక్కువ.

ఖాతా పది నెలలకే అయిపోయింది. సగటున 430 కిలోలకు చేరాం. మిగతా 20 కోసం వెతుక్కోలేదు, సరిపోతుందనిపించింది. కిందివీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని పొయ్యిలు అక్కడికి మార్చాం.

మానిన మొదటి నెల నుంచీ అత్తయ్య గంటలకు డబ్బు ఆవిడ ఖాతాలోనే వేస్తున్నాను. మొదటిసారి 6,300 పడ్డాయని మెసేజ్ వచ్చినప్పుడు "ఇవి దేనివే?" అని కంగారుపడింది. మీ జీతం అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్‌లో ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంది. తరువాత నెలలో ఒక ఆదివారం పొద్దున చీర మార్చుకుని హాల్లోకి వచ్చి, "ఇవాళ నేను కలపను, మా అక్కయ్య దగ్గరికి వెళ్తున్నా" అంది. పెళ్లయ్యి ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

ఈ ఉగాదికి అత్తయ్య, పనికి వచ్చే ముగ్గురూ కలిసి గంటకు 90 అడిగారు. న్యాయమైనదే. కిలోకి కూలి 126 నుంచి 162 అయితే మిగిలే 99 కాస్తా 63కి పడుతుంది. ధర 540 చేస్తే, పాడయ్యే 27 పోను, 101 మిగులుతుంది. కొత్త కాయ రాకముందే 540 అని లేబుళ్లు ప్రింటుకిచ్చాం. పాత కొనుగోలుదారులకు వాట్సాప్‌లో పెట్టిన సందేశంలో ధర ఎందుకు పెరిగిందో కూడా రాశాను: కాయకు కాదు, నూనెకు కాదు, చేతులకు.